యుద్ధకాలం నాటి జంప్ బ్లూస్ ఒరిజినల్ రికార్డింగులు ఏ సెట్‌లో దొరుకుతాయి?

అందరికీ నమస్తే. జంప్ బ్లూస్ (చిన్న బ్యాండుతో హుషారుగా సాగే బ్లూస్ పాటలు) అంటే నాకు ప్రాణం. గాయకుడు, సాక్స్ వాద్యకారుడు లూయీ జోర్డాన్ పాటలు, లక్కీ మిలిండర్ బ్యాండులో వైనొనీ హారిస్ పాడినవి, ఇలా 1942-45 మధ్య అమెరికా జ్యూక్‌బాక్సుల్లో (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు) మోగినవన్నీ ఒకేచోట ఉన్న మంచి సెట్ తెలిస్తే చెప్పండి ప్లీజ్. మొన్న ఆన్‌లైన్‌లో ఒక సీడీ తెప్పించుకున్నా, అట్ట మీద నలభైల నాటి హిట్స్ అని రాసుంది, తీరా పెట్టి వింటే గిటార్ మరీ పదునుగా వినిపిస్తోంది, ఏంటా అని వెతికితే అవి జోర్డాన్ 1956లో మెర్క్యురీ అనే రికార్డు కంపెనీ కోసం క్విన్సీ జోన్స్ అరేంజ్‌మెంట్‌తో మళ్ళీ పాడినవట. అవీ బాగున్నాయి, కాదనను, కానీ నాకు కావాల్సింది అంతకు ముందు డెక్కా కంపెనీకి తన బ్యాండు టింపనీ ఫైవ్‌తో చేసినవి, ఆ చిన్న బ్యాండు, మధ్యలో దూసుకొచ్చే ఆల్టో సాక్స్, అది వింటుంటే కాలు ఆగదు.

ఇంకోటి, 1942 ఆగస్టులో మ్యూజిషియన్స్ యూనియన్ రికార్డింగులు ఆపేసింది కదా, డెక్కా 1943 సెప్టెంబర్‌లో రాజీ పడింది, ఆ ఏడాదే సైనికుల కోసం వీ-డిస్కులు అనే ప్రత్యేక రికార్డులు మొదలయ్యాయి, వాటిలోవి కూడా కలిపిన సెట్ ఏమైనా ఉందా? గరగర ఉన్నా పర్లేదు, నాయిస్ తీసేస్తూ సాక్స్ గొంతు నొక్కేయకపోతే చాలు. రికార్డింగ్ తేదీలున్న బుక్‌లెట్ ఉంటే ఇంకా మంచిది.