పికప్ ట్రక్కు తయారయ్యే దేశం మారితే నాణ్యత తగ్గుతుందా?

దూరప్రయాణి:
అమెరికాలో పికప్ ట్రక్కు కొనేవారిలో కొందరు ధర అడగడానికి ముందే ఛాసిస్ నంబరులోని మొదటి అంకె చూస్తారు. అది 1, 4, 5లలో ఒకటైతే అమెరికాలోను, 2 అయితే కెనడాలోను, 3 అయితే మెక్సికోలోను ఆ బండి తయారైనట్లు లెక్క. షెవర్లే సిల్వరాడో ఒకే మోడల్ అయినప్పటికీ ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లోను, మెక్సికోలోని సిలావోలోను, కెనడాలోని ఓషావాలోను తయారవుతోంది కనుక, 3తో మొదలయ్యే బండిని వద్దని 1తో మొదలయ్యేదాని కోసం ఎదురుచూసేవారు ఉన్నారు. వారిది ఒట్టి దురభిమానమని నేను అనుకోను. సంస్థలు తయారీని మరో దేశానికి తరలించేది ఖర్చు తగ్గించుకోవడానికే గాని నాణ్యత పెంచడానికి కాదు. అలా తగ్గిన ఖర్చు కంటికి కనబడని ఏ బోల్టులోనో, ఏ పూతలోనో ఎప్పటికైనా బయటపడక తప్పదు. జపాన్‌లో తయారైన పాత టయోటా హైలక్స్ పికప్‌కు ఉన్న పేరు థాయ్‌లాండ్ నుంచి వచ్చే హైలక్స్‌కు లేదని పాత యజమానులు అంటున్నారు. అది ఊరికే అనే మాటేనా? ఆధారాలతో బదులు చెప్పగలవారు చెబితే వినాలని ఉంది.

తనిఖీదారు:
దూరప్రయాణి గారూ, ముందుగా హైలక్స్ సంగతి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా రోడ్డు మీద తిరుగుతున్న పాత బండ్లనే మనం చూస్తున్నాం. తుక్కు కింద పోయినవి సాక్ష్యం చెప్పడానికి రావు. కనుక ఆ పోలికను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక ఆధారాల విషయానికి వస్తే, టయోటా టకోమా కథ మీ వాదానికి ఎదురు నిలుస్తుంది. 1995 నుంచి వచ్చిన టకోమాల ఛాసిస్ ఫ్రేమ్‌లు, అంటే బండిని మోసే ఉక్కు చట్రాలు, తుప్పు పట్టి చిల్లులు పడిన సంగతి ప్రసిద్ధం. కొన్ని పాత బండ్లను 2008లో ఆ సంస్థ మార్కెట్ విలువకు ఒకటిన్నర రెట్లు చెల్లించి వెనక్కు తీసుకుంది. తర్వాతి మోడళ్ల గురించి 2016లో కుదిరిన కోర్టు పరిష్కారం దాదాపు 15 లక్షల వాహనాలకు వర్తించగా, దాని విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా వేశారు. ఆ ఫ్రేమ్‌లు చౌక కూలీ దొరికే దేశం నుంచి వచ్చినవి కావు. వాటిని సరఫరా చేసింది డానా అనే అమెరికన్ సంస్థ. లోపం తుప్పు నిరోధక పూతలో ఉంది. బండి ఎక్కడ బిగించారన్న ప్రశ్నకు ఆ లోపంతో సంబంధం లేదు.

ఆ టకోమాలు తయారైన ఫ్రీమాంట్ కర్మాగారానికి ఇంకా ఆసక్తికరమైన చరిత్ర ఉంది. కాలిఫోర్నియాలోని ఆ కర్మాగారాన్ని జనరల్ మోటార్స్ 1982లో మూసివేసింది. పనికి హాజరు కాని కార్మికుల సంఖ్యకు, నాసిరకం బండ్లకు అది అప్పట్లో పేరుమోసింది. 1984లో టయోటాతో కలిసి దానిని నమ్మీ అనే పేరుతో తిరిగి తెరిచినప్పుడు, చేర్చుకున్నవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే, కార్మిక సంఘమూ పాతదే. కొందరిని జపాన్ పంపి శిక్షణ ఇచ్చి, లోపం కనబడితే తాడు లాగి తయారీ లైన్‌ను ఆపే అధికారం ప్రతి కార్మికుడికీ ఇచ్చిన తర్వాత, కొద్దికాలంలోనే అక్కడి నాణ్యత జపాన్ కర్మాగారాల స్థాయిని అందుకుంది. దేశం మారలేదు, మనుషులు మారలేదు; పని జరిపే పద్ధతి మారింది.

దూరప్రయాణి:
మీ ఉదాహరణ బలమైనదే కాని, అది నా ప్రశ్నకు సగం సమాధానమే. నమ్మీలో టయోటా తన పద్ధతిని నేర్పడానికి డబ్బు, సమయం ఖర్చు పెట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి తరలిపోయే సంస్థ ఆ పద్ధతిని కూడా వెంట తీసుకువెళుతుందన్న హామీ ఎక్కడుంది? దక్షిణాఫ్రికాలోని రోస్లిన్‌లో తయారైన నిస్సాన్ ఎన్‌పీ300 హార్డ్‌బాడీకి 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టు పరీక్షలో పెద్దల రక్షణకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. 1990ల నాటి రూపకల్పనతోనే ఆ బండిని ఇరవై ఏళ్లు అమ్మారు. ధనిక దేశంలో ఆ పని చేయగలిగేవారా?

సుంకాల లెక్క:
చేయగలిగేవారు కారు, అయితే అందుకు కారణం కర్మాగారం ఉన్న చోటు కాదు. రోస్లిన్ ఉన్న ప్రిటోరియా ప్రాంతంలోనే సిల్వర్టన్ అనే చోట ఫోర్డ్ కర్మాగారం ఉంది. 2022లో అలాంటి పరీక్షలోనే యూరో ఎన్‌క్యాప్ ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చిన ఫోర్డ్ రేంజర్, ఫోక్స్‌వాగన్ అమరాక్ ఐరోపాకు వెళ్లేది అక్కడి నుంచే. దేశం ఒక్కటే, నగరం ఒక్కటే, కార్మికులు దాదాపు ఒకే వీధుల నుంచి వచ్చేవారు. ఒక కర్మాగారం నుంచి సున్నా, మరోదాని నుంచి ఐదు. కొనే దేశపు చట్టం ఏది అడిగితే సంస్థ అది ఇస్తుంది, అడగకపోతే ఇవ్వదు. నిందించవలసింది తయారీ దేశాన్ని కాదు, రెండు రకాల కొలమానాలు పాటించే సంస్థను.

‘ఖర్చు తగ్గించుకోవడానికే తరలుతారు’ అన్న మాట కూడా సరికాదు. పికప్ ట్రక్కుల విషయంలో తరలింపులకు పెద్ద కారణం సుంకాలు. అమెరికన్ కోడిమాంసం మీద ఐరోపా విధించిన సుంకానికి ప్రతిగా 1964 జనవరి నుంచి అమలైన 25 శాతం సుంకం, మిగిలిన వస్తువుల మీద తొలగిపోయినా తేలికపాటి ట్రక్కుల మీద మాత్రం నిలిచిపోయింది. (1970లలో జపాన్ సంస్థలు వెనుక తొట్టి లేకుండా ట్రక్కులను దింపి, అమెరికాలో తొట్టి బిగించేవి, అలా వస్తే 4 శాతమే. 1980లో ఆ దారి మూసుకుపోయింది.) జపాన్ ట్రక్కులు కాలిఫోర్నియాలో తయారవడానికి ఈ సుంకం ముఖ్య కారణం. అంటే ఆ తరలింపు చౌక కూలీ కోసం జరిగింది కాదు. మీ సూత్రం ప్రకారం అప్పుడు నాణ్యత తగ్గకూడదు. తనిఖీదారు గారు చెప్పిన తుప్పు ఫ్రేమ్‌లు ఆ తర్వాతివే.

పాత గ్యారేజీ:
ఒక మాట కలుపుతాను. బ్రిటన్‌లో తుప్పుతో ఫ్రేమ్ మధ్యకు విరిగిన బండ్లుగా పేరుపడ్డ నిస్సాన్ నవారా డీ40లు స్పెయిన్‌లోని బార్సెలోనాలో తయారైనవి, థాయ్‌లాండ్‌లో కాదు. అయితే దీనిని థాయ్‌లాండ్‌కు మార్కులు వేయడానికి వాడుకోకూడదు. చలికాలంలో ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగే ఫ్రేమ్‌ను, ఉప్పు ఎరుగని రోడ్ల మీద తిరిగే ఫ్రేమ్‌తో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. బండి కిందికి దూరి పనిచేసేవాడిగా నేను చూసేది ఫ్రేమ్ లోపలి వైపు పూత చేరిందా, నీరు బయటకు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయా అనే. నంబరు దాచిపెట్టి చూపిస్తే ఏ దేశపు బండో చెప్పలేను. కొత్త లైన్‌లో మొదటి ఏడాది వచ్చిన బండి అయితే మాత్రం చాలాసార్లు గుర్తుపడతాను.

తనిఖీదారు:
పాత గ్యారేజీ గారు చివర అన్న మాటలోనే అసలు విషయం ఉంది. నేను విడిభాగాలు చేసే ఒక సంస్థలో నాణ్యతా విభాగంలో ఉన్నప్పుడు, తలుపు కీలు బిగించే బ్రాకెట్ తయారీని ఒక కర్మాగారం నుంచి మరోదానికి మార్చాం. రేకును వంచే అచ్చు (డై) అదే, ప్రెస్ సామర్థ్యం అదే, డ్రాయింగ్ అదే. అయినా మొదటి నమూనాలు కొలతకు అందలేదు. ఉక్కు చుట్టలు కొత్త మిల్లు నుంచి రావడంతో, వంచిన తర్వాత రేకు వెనక్కు లేచే తీరు కొద్దిగా మారింది. పాత చోట ఉన్న ఆపరేటర్ డై కింద ఒక మూల సన్నటి రేకు ముక్క పెట్టేవాడట; అది ఏ కాగితంలోనూ లేదు. అతను కొత్త చోటికి రాలేదు, ఆ రేకు ముక్కా రాలేదు. కొలతలు సరిచేసి, కొనుగోలుదారు ఆమోదం మళ్లీ తెచ్చుకొని, తిరస్కరణలు పాత స్థాయికి దిగేసరికి అర్ధ సంవత్సరం గడిచింది. ఆ రెండు కర్మాగారాలూ ఒకే దేశంలో ఉన్నాయి.

కనుక దూరప్రయాణి గారి అనుమానంలో నిజం లేదని నేను అనను. తరలింపు నాణ్యతకు దెబ్బే. కాని ఆ దెబ్బ సరిహద్దు దాటడం వల్ల కాక, కదలడం వల్ల తగులుతుంది. ఎంతకాలం ఉంటుందన్నది, ఎంతమంది పాతవారిని వెంట పంపారు, సరఫరాదారులలో ఎందరిని ఒకేసారి మార్చారు, మొదటి నెలల్లో లైన్ వేగాన్ని తగ్గించడానికి యాజమాన్యం ఒప్పుకుందా అన్న వాటి మీద ఆధారపడుతుంది. అసలు కదలకుండానే దెబ్బ తగలవచ్చు కూడా: టెక్సాస్‌లో తయారయ్యే టయోటా టండ్రా పికప్‌కు కొత్త ఇంజన్ వచ్చాక, యంత్రాల మీద కోసినప్పుడు రాలిన లోహపు పొట్టు లోపల మిగిలిపోయిందని 2024లో ఒక లెక్సస్ మోడల్‌తో కలిపి సుమారు లక్ష వాహనాలను వెనక్కు పిలిచారు.

దూరప్రయాణి:
దేశం గురించి నేను అన్నది వెనక్కు తీసుకుంటున్నాను. ఉద్దేశం గురించి అన్నది తీసుకోవడం లేదు. వేగం తగ్గించడానికి, పాతవారిని పంపడానికి డబ్బు కావాలి. డబ్బు మిగుల్చుకోవడానికే కదిలే సంస్థ మొదట కోత పెట్టేది అక్కడే కదా. ఇకపై మొదటి అంకె బదులు, తలుపు అంచున ఉండే చీటీలో తయారీ నెల చూసి, లైన్ మొదలై ఏడాదైనా దాటిందో లేదో లెక్కేసుకుంటాను.

తనిఖీదారు:
అలా చూడడం మేలు. అయితే ఆ చీటీ చెప్పేది బండిని బిగించిన నెల మాత్రమే. అమెరికాలో కొత్త బండి అద్దానికి చట్టప్రకారం అంటించే పత్రంలో బిగింపు జరిగిన చోటు, ఇంజన్, గేర్‌బాక్స్ ఏ దేశానివో ఉంటాయి గాని, ఫ్రేమ్ ఎవరు చేశారో, ఎప్పటి నుంచి చేస్తున్నారో ఉండదు. టకోమా కొన్నవారికి తెలియకుండా పోయింది సరిగ్గా అదే.