స్టేషనరీ స్పెల్లింగ్: ఏ నా, ఈ నా?

కొత్త అంగడి: పొద్దున పది నుంచి ఇదే పని. స్టేషనరీలో ఎన్ తర్వాత ఏ వస్తుందా, ఈ వస్తుందా? ఫోన్‌లో ఎట్ల కొట్టినా తప్పని చూపించడం లేదు. అడిగినవాళ్లలో ఒకరు ఏ అంటారు, ఇంకొకరు ఈ అంటారు. తల పగిలిపోతోంది. తొందరగా చెప్పండి సామీ.

ఒక్కమాట: ఏ.

కొత్త అంగడి: ఏ అంటే ఇంగ్లీషు మొదటి అక్షరమేనా?

ఒక్కమాట: అవును. కదలకుండా నిలిచినది అని అర్థం.

కొత్త అంగడి: కదలకపోవడమేంది? నేను అమ్మేది నోట్‌బుక్కులు, పెన్నులు. కడపలో ఏడురోడ్ల దగ్గర అంగడి పెడుతున్నా. సాయంత్రానికి ఫ్లెక్స్ ప్రింటుకు పోవాల.

డీటీపీ అన్న: ఆ ముక్క ముందే చెప్పాల్సింది. అయితే ఈ. పలకడం ఒకటే గానీ మాటలు రెండు, అందుకే ఫోన్ రెండూ ఒప్పుకుంటోంది. బేకరీ గుర్తుపెట్టుకో. బేకర్‌ది బేకరీ, స్టేషనర్‌ది స్టేషనరీ. రెండింటి చివరా ఈ, ఆర్, వై.

పాత మాస్టారు: అసలు బోర్డు మీద ఇంగ్లీషెందుకు? 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర తెలుగుకు నిఘంటువే కట్టిపెట్టాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఈరోజు గ్రంథాలయం ఉంది. అదే ఊళ్లో నీకు తెలుగు మాట దొరకలేదా నాయనా? లేఖన సామగ్రి అని రాయించు.

కొత్త అంగడి: అట్ల రాస్తే పిల్లోళ్లు రారు సార్.

సీమ రైలు: సామగ్రా, సామాగ్రా?

పాత మాస్టారు: సామగ్రి. దీర్ఘం లేదు.

సీమ రైలు: మా బళ్లో సామాగ్రి అనే చెప్పినారు.

పాత మాస్టారు: చెప్పే ఉంటారు.

సీమ రైలు: అది సరే, స్టేషనరీకీ రైల్వే స్టేషన్‌కూ ఏమైనా చుట్టరికమా?

డీటీపీ అన్న: దగ్గరి చుట్టరికమే. లాటిన్‌లో నిలబడడం అనే మాటే రెండింటికీ మూలం. వెనకటికి యూరప్‌లో సరుకు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు ఎక్కువ. యూనివర్సిటీల దగ్గర ఒకేచోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాడు స్టేషనర్. లండన్‌లో వాళ్ల సంఘానికి 1557లో రాజముద్రతో సనదు కూడా దొరికింది. కాగితం, సిరా అదే అంగట్లో దొరికేవి, రానురాను పేరు వాటికే మిగిలింది.

ఒక్కమాట: అంటే నేను చెప్పింది తప్పేం కాదు.

డీటీపీ అన్న: అర్థంలో కాదు. ఫ్లెక్స్ మీద తప్పే.

కొత్త అంగడి: ఈ పెట్టించినా. థాంక్స్ అన్నా. జనరల్‌కు ఎల్ ఒకటే కదా?

సీమ రైలు: ఫ్లెక్స్ చదరపు అడుగు ఎంతకు వేసినాడు?