విండోస్ 11 మళ్లీ వేశాక వైఫై బటనే లేదు, ఏ డ్రైవర్ దించాలి?

రాజోలు_పిల్లకాలువ:
నమస్కారమండి. లాప్‌టాప్ 2023లో కొన్నది, ఏఎండీ ప్రాసెసర్, లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) లేని పల్చటి రకం. పెన్‌డ్రైవ్‌లో ఉన్న విండోస్ 11 (22హెచ్2 వెర్షన్)తో సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్తగా వేశాను. మధ్యలో నెట్‌వర్క్ అడిగితే షిఫ్ట్, ఎఫ్10 నొక్కి బైపాస్ చేశాను. డెస్క్‌టాప్ బాగానే వచ్చింది గానీ టాస్క్‌బార్ మూల నొక్కితే వైఫై బటనే కనబడట్లేదు. బ్లూటూత్ బటన్ మాత్రం ఉంది.

డివైస్ మేనేజర్‌లో (లాప్‌టాప్ భాగాల జాబితా చూపించేది) అదర్ డివైసెస్ కింద పసుపు గుర్తుతో మూడున్నాయి: నెట్‌వర్క్ కంట్రోలర్, ఎస్‌ఎం బస్ కంట్రోలర్, పీసీఐ ఎన్‌క్రిప్షన్/డిక్రిప్షన్ కంట్రోలర్.

కంపెనీ సైట్‌లో నా మోడల్ నంబరు కొడితే వైఫైకే మూడు డ్రైవర్లు (కార్డుని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) చూపిస్తోంది: ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్. ఫోన్‌లో మీడియాటెక్‌ది దించి, పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి నడిపితే సరిపడే డివైస్ లేదని ఆగిపోయింది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్‌లో రోజుకి 1.5 జీబీ. మూడూ దించి చూడాలా? మాది సఖినేటిపల్లి వైపు, షాపుకి పట్టుకెళ్లాలంటే పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లాలి. ఇక్కడే తేలిపోతే బాగుణ్ణు.

పాలకొల్లు_స్క్రూడ్రైవర్:
మూడూ దించక్కర్లేదండి. ఒకే మోడల్ లాప్‌టాప్‌లో ఒక లాట్‌కి ఒక వైఫై కార్డు, ఇంకో లాట్‌కి ఇంకోటి బిగిస్తారు. అందుకే సైట్‌లో అన్నీ పెడతారు. మోడల్ నంబరుతో వెతికితే ఎప్పుడూ ఇదే గోల. చిప్ ఐడీతో వెతకాలి.

నెట్‌వర్క్ కంట్రోలర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. జనరల్ ట్యాబ్‌లో కోడ్ 28 అని ఉంటుంది, డ్రైవర్ లేదని అర్థం. అది మంచి వార్తే, కార్డు బతికే ఉంది. తర్వాత డీటెయిల్స్ ట్యాబ్, ప్రాపర్టీ అన్నచోట హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. పొడుగాటి వరసలు నాలుగైదు వస్తాయి. పై వరసలో వెన్ తర్వాత నాలుగు అక్షరాలు, డెవ్ తర్వాత నాలుగు అక్షరాలు చూడండి. మనకి కావలసినవి అవే. సబ్‌సిస్, రెవ్ ఇప్పుడు వదిలెయ్యండి.

వెన్ అంటే చిప్ చేసినవాడు. 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 168సీ క్వాల్‌కామ్ ఎథెరాస్, 14ఈ4 బ్రాడ్‌కామ్. డెవ్ అంటే వాళ్ల చిప్‌లలో ఏదో చెప్పేది. ఆ రెండూ ఇక్కడ పెట్టండి.

ఇంకో మాట. ఆ ఎస్‌ఎం బస్, ఎన్‌క్రిప్షన్ రెండూ నెట్‌కి సంబంధించినవి కావు, ఏఎండీ చిప్‌సెట్ (బోర్డు మీద భాగాల్ని కలిపి నడిపే చిప్‌లు) తాలూకువి. వాటిని పట్టుకుని తిరగొద్దు. మామూలుగా నెట్‌వర్క్ కంట్రోలర్ అని వస్తే వైఫై, ఈథర్నెట్ కంట్రోలర్ అని వస్తే లాన్. ఇంటెల్ మెషీన్లలో పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అని ఒకటి వస్తుంది. పేరు చూసి అదే నెట్ కార్డనుకుని మోసపోతారు చాలామంది, అది వేరు.

తణుకు_నెట్‌లైన్:
ఐడీ ఎలాగూ చూస్తారు, ఈలోగా ఆండ్రాయిడ్ ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీదుగా లాప్‌టాప్‌కి ఇవ్వడం) చెయ్యండి. దానికి కావలసిన డ్రైవర్ విండోస్ 10లో, 11లో లోపలే ఉంటుంది. కేబుల్ గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పేజీకెళ్లి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే పది పదిహేను సెకన్లలో డివైస్ మేనేజర్‌లో రిమోట్ ఎన్‌డీఐఎస్ అనే పేరుతో నెట్ కార్డులా ఒకటి పుట్టుకొస్తుంది. వైఫై హాట్‌స్పాట్ కాదు సుమా, లాప్‌టాప్‌కి వైఫై లేనప్పుడు అదెందుకు. ఐఫోన్ అయితే ఈ దారి కుదరదు, దానికి ఆపిల్ డ్రైవర్ ముందు పడాలి.

డేటా విషయం జాగ్రత్త. టెథరింగ్ తగలగానే విండోస్ అప్‌డేట్, స్టోర్ యాప్‌లు ఆకలిమీద ఉన్నట్టు మీద పడతాయి. 22హెచ్2 నుంచి ఇప్పటిదాకా పేరుకున్న అప్‌డేట్లు మీ 1.5 జీబీని గుటుక్కుమనిపిస్తాయి. కాబట్టి మొదట సెట్టింగ్స్ > నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ > ఈథర్నెట్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కి చెప్పేది) ఆన్ చెయ్యండి. టెథరింగ్ అక్కడ ఈథర్నెట్‌గానే కనబడుతుంది. మీటర్డ్ పెట్టాక విండోస్ డ్రైవర్లు కూడా తనంతట తను దించదు, మీరు బ్రౌజర్‌లో దించుకోవాలి. ఒక్క వైఫై డ్రైవర్ కొన్ని ఎంబీలే. వందల ఎంబీ చూపిస్తే అది మొత్తం ప్యాకేజీ.

పక్కింట్లో ఏపీ ఫైబర్ ఉంటే ఇంకా సుఖం. మీ ఫోన్‌ని వాళ్ల వైఫైకి కలిపి, అదే ఫోన్‌ని లాప్‌టాప్‌కి యూఎస్‌బీ టెథరింగ్ చెయ్యండి. ఈమధ్య వచ్చిన ఫోన్లలో చాలావరకు వైఫై నెట్‌నే కేబుల్ మీదుగా పంపుతాయి, మొబైల్ డేటా ఖర్చవదు. ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూస్తే తేలిపోతుంది.

నెట్ వచ్చీ సైట్లు తెరుచుకోకపోతే గడియారం చూడండి. తేదీ తప్పుంటే బ్రౌజర్ ఏ సైట్‌నీ నమ్మదు.

రాజోలు_పిల్లకాలువ:
ఐడీ చూశానండి. వెన్ 10ఈసీ, డెవ్ బీ852. కోడ్ 28 అనే ఉంది. టెథరింగ్ మాత్రం పడట్లేదు, ఫోన్‌లో ఆ ఆప్షన్ మసగ్గా ఉండి నొక్కుడు పడట్లేదు. ఫోన్ చార్జింగ్ ఎక్కుతోంది మరి.

పాలకొల్లు_స్క్రూడ్రైవర్:
బీ852 అంటే రియల్‌టెక్ 8852బీఈ, వైఫై 6 కార్డు. మీ పెన్‌డ్రైవ్‌లోని పాత 22హెచ్2లో దీనికి డ్రైవర్ లేకపోవడం మామూలే. మీడియాటెక్‌ది ఎందుకు ఒప్పుకోలేదో తెలిసిపోయింది కదా.

కేబుల్ మార్చండి. చార్జింగ్ మాత్రమే ఎక్కే కేబుల్లో డేటా తీగలుండవు. గుర్తు పట్టడం తేలిక: గుచ్చగానే ఫోన్ పైన యూఎస్‌బీ నోటిఫికేషన్ రాకపోతే అది చార్జింగ్ కేబులే. ఫోన్ పెట్టెలో వచ్చిన అసలు కేబుల్ పెట్టి చూడండి.

డేటా కేబుల్ దొరికితే టెథరింగ్ కూడా అక్కర్లేదు. ఫైల్ ఫోన్‌లో దించుకుని, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, లాప్‌టాప్‌లో దిస్ పీసీ తెరిస్తే ఫోన్ కనబడుతుంది. ఫైల్‌ని సీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే తెరవండి. ఫోన్‌లో ఉండగానే నడిపితే పని జరగదు. మీకు పెన్‌డ్రైవ్ దారి ఎలాగూ ఉంది కాబట్టి అదైనా సరే. దాన్ని ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లోనో ఎక్స్ఎఫ్ఏటీలోనో ఉంచండి, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే కొన్ని ఫోన్లు చదవవు.

భీమవరం_మదర్‌బోర్డు:
ఇంత తంటా ఎందుకండీ, ఏదో ఒక డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ పడేస్తే అన్నీ అదే చూసుకుంటుంది కదా.

తణుకు_నెట్‌లైన్:
చాలావాటికి ముందు నెట్ కావాలి. ఇక్కడ లేనిదే అది. పైగా డ్రైవర్‌తో పాటు అడగని బ్రౌజర్లూ యాంటీవైరస్‌లూ ఎక్కిస్తాయి కొన్ని. ఆఫ్‌లైన్‌లో నడిచేవాటిలో స్నాపీ డ్రైవర్ ఇన్‌స్టాలర్ ఆరిజిన్ ఒకటి నమ్మదగ్గది. అందులో నెట్‌వర్క్ డ్రైవర్లు మాత్రమే దించుకునే ఆప్షన్ ఉంది. మొత్తం ప్యాక్ పదుల జీబీలు, దాని జోలికి పోవద్దు. రోజుకి నాలుగు సిస్టమ్‌లు ఫార్మాట్ కొట్టే షాపువాళ్లకి అది పనికొస్తుంది. ఒక్క లాప్‌టాప్‌కి ఒక్క డ్రైవర్ చాలు.

అమలాపురం_ఐఎన్‌ఎఫ్:
కంపెనీ సైట్‌లో రియల్‌టెక్ అని ఉన్నది దించి నడిపితే చాలావరకు అయిపోతుంది. ఫైల్ మరీ పెద్దదైనా, సెటప్ మొండికేసినా, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్ ఉంది. వెతికే పెట్టెలో మోడల్ పేరు కాకుండా వెన్_10ఈసీ&డెవ్_బీ852 అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్, అండ్ గుర్తు వదలకుండా కొట్టండి. వచ్చిన జాబితాలో విండోస్ 11కి పనికొచ్చేవాటిలో తేదీ కొత్తది ఎంచుకోండి. డౌన్‌లోడ్ నొక్కితే చిన్న కిటికీ వేరేగా తెరుచుకుంటుంది, ఫోన్ బ్రౌజర్ దాన్ని పాపప్ అనుకుని అడ్డేస్తే అనుమతివ్వండి.

వచ్చేది సీఏబీ ఫైల్, జిప్ లాంటి మూట. డబుల్ క్లిక్ చేస్తే లోపలి ఫైళ్లు కనబడతాయి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసేది: ఐఎన్‌ఎఫ్ (డ్రైవర్ ఎలా ఎక్కించాలో చెప్పే ఫైల్) ఒక్కటీ, మహా అయితే దాంతో సిస్ ఫైలూ (అసలు డ్రైవర్) బయటికి లాగుతారు. పక్కనే క్యాట్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, డ్రైవర్ సంతకం అందులోనే ఉంటుంది. అది లేకపోతే డిజిటల్ సంతకం లేదని విండోస్ తిప్పికొడుతుంది. అప్పుడు సంతకం తనిఖీ ఆపేయమని సలహాలిచ్చేవాళ్లుంటారు, వినకండి. కంట్రోల్, ఏ నొక్కి అన్నీ కలిపి సీ డ్రైవ్‌లో వైఫై అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి ఎక్స్‌ట్రాక్ట్ చెయ్యండి.

తర్వాత నెట్‌వర్క్ కంట్రోలర్ మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, రెండో ఆప్షన్ (నా కంప్యూటర్‌లో వెతుకు అనే అర్థం వచ్చేది), ఆ ఫోల్డర్ చూపించండి. ఇంక్లూడ్ సబ్‌ఫోల్డర్స్ టిక్ ఉండాలి. సైట్ నుంచి జిప్ వచ్చినా ఇదే పద్ధతి. జిప్ లోపలే డబుల్ క్లిక్ చెయ్యకుండా ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొట్టండి.

కమాండ్ అలవాటున్నవాళ్లకి ఇదే పని, అడ్మిన్‌గా తెరిచిన టెర్మినల్‌లో (ఇంగ్లీషులోనే కొట్టాలి):
పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్ సీ:\వైఫై\*.ఐఎన్‌ఎఫ్ /సబ్‌డిర్స్ /ఇన్‌స్టాల్
విండోస్ సెటప్ మధ్యలో నెట్ అడిగినచోట షిఫ్ట్, ఎఫ్10 నల్ల తెరలో కూడా ఇది నడుస్తుంది. అప్పుడు సీ బదులు పెన్‌డ్రైవ్ అక్షరం పెట్టుకోవాలి.

పాలకొల్లు_స్క్రూడ్రైవర్:
బాగా చెప్పారు. డ్రైవర్ పడ్డాక కోడ్ 10 (డివైస్ మొదలవలేదని) వస్తే కంగారుపడి పది వెర్షన్లు మార్చకండి. కార్డు పాత స్థితిలో ఇరుక్కుని ఉండొచ్చు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది, మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగమే ఆగుతుంది. చార్జర్ తీసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ ఆన్ చెయ్యండి.

తర్వాత ఇది చదివేవాళ్ల కోసం: డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కూడా లేకుండా వైఫై అసలే మాయమైతే అది డ్రైవర్ సమస్య కాకపోవచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) వైర్‌లెస్ ఆపి ఉందేమో చూడండి. అదీ కాకపోతే వెనక మూత తీయాలి. ఎం.2 (లోపలి చిన్న స్లాట్‌లో గుచ్చే రకం) వైఫై కార్డుల్లో వైఫై సాధారణంగా పీసీఐ మీద, బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తాయి. రెండూ కనబడకపోతే కార్డు వదులైందనో, కాంటాక్టులు పోయాయనో అనుమానించాలి. ఈ ప్రశ్నలో బ్లూటూత్ ఉంది, కంట్రోలర్ కూడా కనబడుతోంది. మూత జోలికి పోనక్కర్లేదు.

అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్ల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. బ్యాటరీ కనెక్టర్ తీసేశాక, ఒక్క స్క్రూ విప్పితే కార్డు తనే పైకి లేస్తుంది. పళ్లని మెత్తటి రబ్బరుతో తుడిచి, రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా చూసుకోండి. యాంటెన్నా తీగలు రెండిటికీ బొడిపెలు చాలా చిన్నవి. గోరుతో నిట్టనిలువుగా లేపాలి, పక్కకి లాగితే కార్డు మీదున్న ముక్క ఊడొస్తుంది. నల్లది ఎక్కడ, తెల్లది ఎక్కడ ఉందో ముందే ఫోటో తీసుకోండి.

తణుకు_నెట్‌లైన్:
డెస్క్‌టాప్‌వాళ్లకి ఇంకో ముక్క. వర్షాకాలంలో పిడుగుపాటు తర్వాత లాన్ పోతే అందరూ ఫార్మాట్ కొట్టి డ్రైవర్ కోసం వెతుకుతారు. ఫైబర్ నెట్ వైరులో ఉండేది గాజు, అది కరెంటు మొయ్యదు. కానీ కొన్ని ఫైబర్ వైర్లలో బలానికి ఇనుప తీగ ఉంటుంది, పైగా ఫైబర్ మోడెమ్ బాక్స్ అడాప్టర్ కరెంటు ప్లగ్గులో ఉంటుంది. దెబ్బ బాక్స్‌లోంచి లాన్ కేబుల్ మీదుగా బోర్డుకొస్తుంది. కేబుల్ గుచ్చినా పోర్టు దగ్గర లైటు వెలగక, వేరే కేబుల్‌తోనూ అంతే అయితే డ్రైవర్ వేసి లాభం లేదు. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొనండి. రియల్‌టెక్ 8153 చిప్ ఉన్నదైతే విండోస్ 10, 11 డ్రైవర్ అడక్కుండానే పట్టుకుంటాయి.

రాజోలు_పిల్లకాలువ:
ఆయ్, వచ్చేసిందండి. ఫోన్ అసలు కేబుల్‌తో ఫైల్ ట్రాన్స్‌ఫర్ చేసి, కేటలాగ్ సీఏబీ అంతా ఎక్స్‌ట్రాక్ట్ చేసి ఫోల్డర్ చూపిస్తే నెట్‌వర్క్ కంట్రోలర్ పేరు రియల్‌టెక్ 8852బీఈ అని మారి వైఫై బటన్ వచ్చింది. మొదట ఐఎన్‌ఎఫ్ ఒక్కటే లాగితే అమలాపురం గారు చెప్పిన సంతకం గొడవే వచ్చింది. మిగతా రెండు పసుపు గుర్తులు అలాగే ఉన్నాయి, పర్వాలేదా? మళ్లీ ఫార్మాట్ కొడితే ఇదంతా మొదటికొస్తుందా?

అమలాపురం_ఐఎన్‌ఎఫ్:
ఆ రెండిటికీ ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్ ఒక్కటి వేస్తే చాలు. తొందరేం లేదు, డేటా మిగిలిన రోజు ఏఎండీ సైట్ నుంచి గానీ లాప్‌టాప్ కంపెనీ పేజీ నుంచి గానీ దించుకోండి.

మొదటికి రాకుండా ఉండాలంటే, అన్ని డ్రైవర్లూ పడ్డాక అడ్మిన్ టెర్మినల్‌లో (ఇదీ ఇంగ్లీషులోనే):
డిస్మ్ /ఆన్‌లైన్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ /డెస్టినేషన్:ఈ:\డ్రైవర్లు
ఈ అన్నది పెన్‌డ్రైవ్ అక్షరం, మీకు ఏది వస్తే అది. ఫోల్డర్ పేరు ఇంగ్లీషులో పెట్టి, కమాండ్ కొట్టకముందే అక్కడ తయారుచేసి ఉంచండి. విండోస్‌తో రాని డ్రైవర్లన్నీ అందులోకి వస్తాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల సైజు జీబీ దాటొచ్చు. జాగా చాలకపోతే వైఫై ఫోల్డర్ ఒక్కటి ఉంచుకున్నా నెట్ వరకు గట్టెక్కుతారు.

డీ డ్రైవ్‌లో మాత్రం పెట్టకండి. అది కూడా అదే ఎస్‌ఎస్‌డీలో ఒక ముక్క, పార్టిషన్లు అన్నీ చెరిపేసి వేసేవాడి చేతిలో పడితే డ్రైవర్లూ దాంతోనే పోతాయి.