స్కోపస్‌లో పేరు రెండుగా చీలింది, ఏ హెచ్-ఇండెక్స్ వేయాల?

ప్రశ్న (కడప): జింక్ ఆక్సైడ్ నానో కణాల మీద పేపర్లు. స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల డేటాబేస్) నా పేరుతో రెండు ప్రొఫైళ్లు, హెచ్-ఇండెక్స్ ఒకదాంట్లో 4, ఇంకోదాంట్లో 3. గూగుల్ స్కాలర్‌లో 8. ప్రమోషన్ దరఖాస్తుకు కలిపి 7 అనొచ్చా?

జవాబు (అనంతపురం): కూడితే రాదన్నా. హెచ్ 5 అంటే కనీసం 5 సైటేషన్లు (వేరే పేపర్లు మనదాన్ని ఉదహరించిన సార్లు) ఉన్న పేపర్లు 5 ఉన్నాయని. పేపర్లన్నీ ఎక్కువ సైటేషన్ల నుంచి తక్కువకు ఒకే వరుసలో పెట్టాల. మొదటిదాంట్లో సైటేషన్లు 20, 11, 6, 4. రెండోదాంట్లో 9, 5, 3 అనుకో. కలిపితే 20, 11, 9, 6, 5, 4, 3. అయిదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 4 మాత్రమే. అంటే హెచ్ 5.

గూగుల్ స్కాలర్ అయితే థీసిస్‌లు, ప్రీప్రింట్లలో (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్లు) వచ్చిన సైటేషన్లు కూడా లెక్కేస్తుంది, అందుకే 8. దరఖాస్తులో ఏది అడిగితే అది, పక్కన చూసిన తేదీ.

జవాబు (కర్నూలు): చీలడానికి కారణం చాలాసార్లు మన ఇంటిపేరే. ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో వెనక పోయింటాది. ఆథర్ సెర్చ్‌లో రెండూ టిక్ పెట్టి మెర్జ్‌కు పంపు. పంపేముందు ఒక్కో పేపరూ చూడు, అదే పేరున్న ఇంకొకరిది కలిసిందంటే మళ్లీ విడదీయించుకోవాల. ఇకమీద సబ్మిషన్‌లో 16 అంకెల ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి ఉండే గుర్తింపు నంబరు) మరవొద్దు.

ప్రశ్న: సెల్ఫ్ సైటేషన్లు (మన పేపర్లను మనమే ఉదహరించుకున్నవి) తీసేయమంటే?

జవాబు (అనంతపురం): స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో ఆ టిక్ ఉంది. స్కాలర్‌లో లేదు.