రష్యా చక్రవర్తి జార్ పతనంలో జనం పాత్ర ఎంత, సైన్యం పాత్ర ఎంత?

ప్రశ్న (హనుమకొండ, డిగ్రీ విద్యార్థి): 1613 నుంచి రష్యాను ఏలిన రొమనోవ్ వంశం 1917 మార్చిలో ఎనిమిది రోజుల్లోనే ఎలా కూలిపోయిందో పెద్దలు వివరించగలరు.

జవాబు (కాజీపేట, విశ్రాంత అధ్యాపకుడు): తమ్ముడూ, మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, రొట్టె కోసం చలిలో గంటల తరబడి వరుసల్లో నిలబడి విసిగిపోయిన అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల స్త్రీలు సమ్మెకు దిగి, పక్కనున్న ఇనుప కర్మాగారాల కార్మికులనూ బయటికి రప్పించారు. అయితే సమ్మెలు అంతకుముందూ జరిగాయి. అసలు మలుపు 12వ తేదీ ఉదయం వచ్చింది. ముందురోజు జనంపై కాల్పులు జరిపిన వొలీన్స్కీ దళం సైనికులే మళ్లీ తుపాకి ఎత్తడానికి నిరాకరించి తిరగబడ్డారు.

జవాబు (వరంగల్): మా నాన్న అజంజాహీ మిల్లు కార్మికుడు కావడం వల్లనేమో, నాకు మాత్రం సైనికుల కన్నా ఆ మిల్లు స్త్రీలే ముందు కనిపిస్తారు. వాళ్లు కదలకపోతే సిపాయిలు ఎవరిని చూసి మనసు మార్చుకునేవారు?

ప్రశ్నించిన విద్యార్థి: మరి జార్ మరో దళాన్ని పంపలేదా సార్?

జవాబు (కాజీపేట): పంపాడు, కానీ ఆ దళం రాజధానిని చేరనే లేదు. రాజధానికి బయలుదేరిన జార్ రైలు కూడా దారి మళ్లి ప్స్కోవ్‌లో ఆగింది. పదవి వదులుకొమ్మని సేనానులే టెలిగ్రాములు పంపగా, 15న ఆ రైలుపెట్టెలోనే రెండవ నికొలస్ సంతకం చేశాడు. నికొలస్ తన తర్వాత కిరీటం అప్పగించిన తమ్ముడు మిఖాయిల్ మరునాడే అది వద్దన్నాడు.