పత్రికల్లో బాధ ఎప్పుడు తపస్సయింది?

పాత డెస్కు:
27 ఏళ్లు జిల్లా పేజీలు దిద్దాను. బాధకు మా దగ్గర మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి: మిన్నంటిన రోదనలు, కన్నీరుమున్నీరు, శోకసంద్రం. ఊరి పేరు మారేది, సంద్రం మాత్రం అదే. రాసీ రాసీ వాటిలో ఉప్పు కూడా పోయింది.

ఈ మధ్య ‘యంగ్ ఇండియా’లో గాంధీ 1920 జూన్ 16న రాసిన వ్యాసం చదివాను. బాధపడటం ఒక నియమం అన్న అర్థం వచ్చే శీర్షిక. సహాయ నిరాకరణకు జనాన్ని సిద్ధం చేస్తున్న రోజులవి. తల్లి బాధపడితేనే బిడ్డ బతుకుతుంది, విత్తనం నశిస్తేనే గోధుమ పండుతుంది అంటాడు. బాధ ఎంత స్వచ్ఛమైతే పురోగతి అంత ఎక్కువట. వ్యాసమంతా వెతికినా మేం రోజూ రాసే ‘బాధితుడు’ కనిపించలేదు. బాధపడేవాడే అక్కడ పని చేసేవాడు.

ఇది 1920లో పుట్టిన ఆలోచనేనా? దీన్ని తెలుగులో ఏమనాలి? ‘బాధ’ మనకు వచ్చి పడేది. కావాలని తలకెత్తుకునేదాన్ని బాధ అంటే చెవికి ఒప్పడం లేదు.

డర్బన్ మనవరాలు:
అయ్యా, పుట్టింది మా వైపే. దక్షిణాఫ్రికాలో గాంధీ నడిపిన పత్రిక ‘ఇండియన్ ఒపీనియన్’ 1903 జూన్ 4న డర్బన్‌లో మొదలైంది. ఇంగ్లిష్, గుజరాతీ, హిందీ, తమిళం ఉండేవి. తెలుగు లేదు. మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన కూలీల్లో మావాళ్లు బోలెడంత మంది ఉన్నా సరే. (ఈ కోపం మా ఇంట్లో ఇంకా ఆరలేదు.)

మీకొచ్చిన మాటల చిక్కు ఆ పత్రికకూ వచ్చింది. తమ పోరాటానికి ‘పాసివ్ రెసిస్టెన్స్’ అన్న ఇంగ్లిష్ పేరు నచ్చక, మంచి పేరు చెప్పినవారికి బహుమతి అని ప్రకటించారు. గాంధీ బంధువు మగన్‌లాల్ ‘సదాగ్రహ’ అన్నాడు. గాంధీ దాన్ని ‘సత్యాగ్రహ’గా మార్చాడు. అది 1908 జనవరి నాటి సంగతి.

జైలు సంగతులు కూడా గాంధీ తనే రాసేవాడు. పొద్దున్నే మొక్కజొన్న జావ, జుట్టూ మీసాలూ కత్తిరించడం, ఏది ఎలా జరిగిందో అలాగే. దిద్దడానికి మీకు పెద్దగా పని ఉండేది కాదు. 1909లో నాగప్పన్ అనే 18 ఏళ్ల కుర్రాడు భారతీయులు పేర్లు నమోదు చేసుకోవాలన్న ట్రాన్స్‌వాల్ (అక్కడి ఒక రాష్ట్రం) రిజిస్ట్రేషన్ చట్టాన్ని ధిక్కరించి జైలుకు వెళ్లాడు. అక్కడ జూన్, జూలై నెలలు చలికాలం. ఆ చలిలో రోడ్డు పని చేయించారు. న్యుమోనియాతో బయటికొచ్చి జూలై 6న చనిపోయాడు.

లెక్కలాయన:
మీ ఇద్దరి మాటా వింటూంటే ఒకటి అడగాలనిపిస్తోంది. చెరకు తోటలో రోజూ నడుం విరిగేవాడి బాధ ఏ పద్దు కింద వేస్తారు? వాడు కోరి తెచ్చుకున్నది కాదు కాబట్టి అది తపస్సు కాదు, వట్టి ఫిర్యాదు. కూలీ పనికి రాసిచ్చిన ఒప్పందం గడువు ముగిశాక అక్కడే ఉండిపోతే తలకు ఏటా 3 పౌన్ల పన్ను, అంటే 60 షిల్లింగులు. నెల జీతం 14 షిల్లింగులకు మించదని గాంధీయే రాశాడు. అంటే నాలుగు నెలల జీతానికి పైనే. ఆ పన్ను సత్యాగ్రహంలోకి వచ్చింది 1913లో. గని కూలీలు, ఆ తర్వాత తోట కూలీలు సమ్మె కట్టాకే వాళ్ల కష్టానికి ఆ పెద్ద మాట దక్కింది. మరుసటి ఏడాది పన్ను రద్దయింది.

చీరాల:
తెలుగు మాట అడిగారు కాబట్టి ఇటు రండి. చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచేస్తే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లు వదిలి రామనగర్ గుడిసెల్లో సుమారు 11 నెలలు ఉన్నారు. పత్రికలవాళ్లు త్యాగమన్నారు, వీరత్వమన్నారు. మా తాతమ్మ మాత్రం ‘ఊరొదిలిన ఏడు’ అనేది, అంతే. ఆమెకు గుర్తున్నది తాటాకు పాకలో వాన కారడం, పొయ్యి అంటుకోకపోవడం. వెనక్కి పోదామని అనిపించలేదా అని అడిగితే, ‘అనిపించక? రోజూ అనిపించేది’ అనేది.

పాత డెస్కు:
లెక్కలాయన గారూ, ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ‘బాధితుడు’ లేడని మురిసిపోయాను గానీ, ఎవరెవరిని ఆ మాట నుంచి తప్పించారో చూడలేదు. చీరాల గారూ, మీ తాతమ్మ చెప్పింది నా దగ్గరికి వార్తగా వచ్చి ఉంటే, చివరి వాక్యం నేనే కొట్టేసేవాణ్ని.