జపాన్ వేడినీటి బుగ్గల ఊళ్లో ఒక శని, ఆదివారం: హకోనేనా, కుసాత్సునా?

ప్రశ్న: చిత్రావతి (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఇంజనీరింగు కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లం నవంబరు చివరి వారంలో బెంగళూరు నుంచి నేరుగా టోక్యో దగ్గరి నరీతా విమానాశ్రయానికి వెళ్లి, వారం రోజులు టోక్యోలో ఉండేటట్టు టికెట్లు కొనుక్కున్నాం. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు మాత్రం నగరం వదిలి, వేడినీటి బుగ్గలున్న ఊళ్లో, అంటే అక్కడివాళ్లు ఓన్సెన్ అని పిలిచే చోట, ఒక రాత్రి గడపాలని మా కోరిక. టికెట్లు తీసిచ్చిన ఏజెంటు హకోనే అంటున్నాడు, టోక్యోలో ఉండే మా దూరపు బంధువు కుసాత్సు అంటున్నారు. రెండూ చూసినవారు ఎవరైనా ఉంటే సలహా ఇవ్వగలరని మనవి.

మా ఇబ్బందులు కూడా చెబుతాను. మాలో ఒకామె శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఇంకొకామెకు ముంజేతి మీద అరచేతి వెడల్పున పచ్చబొట్టు ఉంది, అలాంటివారిని స్నానశాలల్లోకి రానివ్వరని విన్నాం. ఇక అసలు చిక్కు నాది. ఆ నీళ్లలోకి ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలట. మహానంది కోనేట్లో చుడీదారుతో మునిగి లేచినదాన్నే తప్ప, నలుగురిలో ఆ పని నావల్ల అవుతుందని అనుకోను. నా ఒక్కదాని కోసం మిగతా ముగ్గురి సంతోషం పాడుకావడం కూడా నాకు ఇష్టం లేదు.

జవాబు: తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

హకోనేకే వెళ్లండమ్మా. షింజుకు స్టేషన్‌లో రొమాన్స్‌కార్ అనే రైలు ఎక్కితే గంటన్నరలోపే హకోనే-యుమోతోలో దిగుతారు. అక్కడి నుంచి కొండెక్కే చిన్న రైలు, దాని తరువాత కేబుల్ కారు, ఆపైన తీగల మీద నడిచే రోప్‌వే, చివరికి ఆషి సరస్సులో పడవ, ఇలా ఒకదాని వెంట ఒకటి మారుతూ కొండ చుట్టూ తిరిగి రావచ్చు. ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం కనిపిస్తుంది, నవంబరు చివరిలో ఆ అవకాశం బాగానే ఉంటుంది. దారిలో ఓవాకుదాని అనే చోట నేలలోంచి గంధకపు ఆవిర్లు ఎగజిమ్ముతుంటాయి. అక్కడి నీళ్లలో ఉడికించిన కోడిగుడ్ల పెంకు నల్లగా మారుతుంది, నీటిలోని ఇనుము, హైడ్రోజన్ సల్ఫైడు కలవడమే అందుకు కారణం. ఒక గుడ్డు తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందని వారి నమ్మకం, మీ శాకాహారి స్నేహితురాలికి ఆ ఏడేళ్లు దక్కవు మరి. 2015లో అక్కడ చిన్న విస్ఫోటనం జరిగి రోప్‌వే నెలల తరబడి ఆగిపోయింది, ఇప్పటికీ విషవాయువులు ఎక్కువైన రోజున ఆపేస్తారు. కనుక బయలుదేరే ముందు ఆనాటి పరిస్థితి చూసుకోండి. చేతిలో ఉన్నవి రెండే రోజులు కాబట్టి, దగ్గరి ఊరే నయమని నా అభిప్రాయం.

జవాబు: దేవుని కడప (కడప)

పై సోదరుడి మాటల్లో తప్పేమీ లేదు గాని, ఆయన చెప్పిన హకోనేలో నీళ్లలో గడిపే సమయం ఎక్కడుందో ఒకసారి లెక్క వేసుకోండి. రైలు, కేబుల్ కారు, రోప్‌వే, పడవ, మళ్లీ బస్సు, ప్రతి చోటా శనివారపు వరుసలు. ఫుజి పర్వతం చూడాలంటే హకోనేకు వెళ్లాలి, వేడినీటి ఊరు అంటే ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం ఒకచోట దిగి, సంచి పడేసి, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి కదలకూడదు. అందుకు కుసాత్సు తగిన ఊరు. మా ఆయన ఉద్యోగం వల్ల టోక్యో శివార్లలో కాపురం ఉన్న రోజుల్లో ఇక్కడి నుంచి చుట్టాలు వస్తే వాళ్లను తీసుకెళ్లింది అక్కడికే.

ఉయెనో స్టేషన్‌లో కుసాత్సు-షిమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండున్నర గంటల్లో నగనోహరా-కుసాత్సుగుచి చేరతారు, అక్కడి నుంచి బస్సులో మరో అరగంట లోపు ప్రయాణం. ఊరు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. నవంబరు చివరికి రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి, మంచు కూడా పడవచ్చు, మన అనంతపురం స్వెటర్లు అక్కడ పనికిరావు.

బస్సు దిగి కిందికి నడిస్తే ఊరి నడిబొడ్డున యుబతాకే కనిపిస్తుంది. నేలలోంచి నిమిషానికి సుమారు 4,000 లీటర్ల నీరు పైకి ఉబికి, వరుసగా పరిచిన పొడవాటి చెక్క కాలువల్లో పారుతూ చల్లబడి, చివర ఆకుపచ్చని మడుగులోకి జలపాతంలా దూకుతుంది. ఊరంతా కలిపితే నిమిషానికి 32,000 లీటర్లకు పైగా ఊరుతుంది, తనంత తానుగా ఉబికే నీటిలో జపాన్ మొత్తం మీద ఇదే మొదటిది. కాలువల అడుగున పేరుకున్న పసుపుపచ్చని గంధకపు పొడిని గీకి తీసి, ఇంట్లో స్నానపు నీళ్లలో కలుపుకోవడానికి అమ్ముతారు. రాత్రి దీపాల వెలుగులో ఆవిరి కమ్మేస్తే పక్కన నిలబడ్డ మనిషి కూడా కనిపించదు, బట్టలకు పట్టిన గంధకపు వాసన టోక్యో చేరినా వదలదు.

ఇక్కడి నీళ్ల ఆమ్లత్వం సుమారుగా నిమ్మరసం స్థాయిలో, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. ఊట దగ్గర 50 డిగ్రీలు దాటి కాలుతుంది. చన్నీళ్లు కలిపితే ఔషధ గుణం పలచబడుతుందని, పూర్వం ఆరడుగుల చెక్క పలకలతో నీటిని తిరగేసి చల్లార్చేవారు. దాన్ని యుమొమి అంటారు. నెత్సునోయు అనే శాలలో ఆడవారు పాటలు పాడుతూ ఆ పద్ధతిని ప్రదర్శిస్తారు, చూడటానికి వచ్చినవారి చేతికి కూడా పలక ఇస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర, మెయ్జీ కాలం అనే రోజుల్లో, జపాన్ చక్రవర్తికి వైద్యం చేసిన బేల్స్ అనే జర్మన్ వైద్యుడు ఈ ఊరి నీటిని, గాలిని మెచ్చుకొని ప్రచారం చేశాడు, ఊళ్లో ఆయన విగ్రహం కూడా ఉంది.

ఇప్పుడు మీ సంకోచం సంగతి. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు గదులే ఉంటాయి, గుమ్మానికి వేలాడే తెర రంగును బట్టి తెలుస్తుంది, సాధారణంగా ఎరుపు ఆడవారిది, నీలం మగవారిది. లోపల బుట్టలో బట్టలన్నీ పెట్టి, చేతి రుమాలు వెడల్పున్న తుండు ఒకటి పట్టుకొని వెళ్లాలి. ముందు పొట్టి పీట మీద కూర్చొని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కొని, నురగ పూర్తిగా పోయాకే తొట్టిలో దిగాలి. మురికి వదిలించుకునే చోటు తొట్టి కాదు, అక్కడ ఊరికే కూర్చోవాలి, అంతే. జుట్టు ముడి వేసుకోవాలి, తుండు నీళ్లలో ముంచకుండా నెత్తిన పెట్టుకోవాలి, ఫోను లోపలికి తేకూడదు. ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. ఇంత చెప్పినా మనసొప్పకపోతే బలవంతం ఏమీ లేదు. చాలా సత్రాల్లో కషికిరి అనే విడి స్నానపు గదిని ముప్పావు గంటకో గంటకో మీ ఒక్కరికే ఇస్తారు. లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు, పచ్చబొట్టున్న మీ స్నేహితురాలికి కూడా అదే దారి. చిన్న పచ్చబొట్టయితే అతికించే పట్టీతో కప్పుకుంటే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు గాని అరచేతి వెడల్పంటున్నారు కాబట్టి సత్రం వారికి ముందే రాసి అడగండి. యుబతాకే పక్కనే పాదాలు మాత్రం నీళ్లలో పెట్టుకొని కూర్చునే చోటు ఉంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు, చుడీదారు కొంచెం పైకి మడిస్తే చాలు.

సత్రం అంటే ర్యోకాన్. వాటి ధర గదికి కాదు, మనిషికి, అందులోనూ శనివారం రాత్రి ఎక్కువ. చాపలు పరిచిన ఒకే గదిలో నలుగురికీ పక్కలు వేస్తారు. రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకే వడ్డిస్తారు కాబట్టి ఐదుకల్లా చేరకపోతే వారు కంగారుపడతారు. గదిలో యుకతా అనే పలచటి నూలు వస్త్రం ఉంటుంది, ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోండి, కుడి అంచు పైకి వేయడం పోయినవారికి మాత్రమే.

భోజనం దగ్గరే నాకు బెంగ. కూరగాయల పులుసులా కనిపించినదాంట్లోనూ ఎండుచేప నానబెట్టిన దాషి నీళ్లు ఉంటాయి, చేప వద్దంటే ముక్కలు తీసేస్తారు గాని పులుసు మారదు. అందుచేత ఆమె వరకు భోజనం లేకుండా గది తీసుకోవడం మంచిది. ఏ కన్వీనియెన్స్ స్టోరులోనైనా రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం గిన్నె, తీపి లేని పెరుగు దొరుకుతాయి. ఇంటి నుంచి చెనిక్కాయల పొడి, కొర్రివి కారం, నిమ్మకాయ ఊరగాయ తీసుకెళ్తే గదిలో కూర్చొని హాయిగా తినవచ్చు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి వంటి మాంసపు పదార్థాలు, తాజా కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు, దాచి పట్టుబడితే శిక్ష కూడా ఉంటుంది.

జవాబు: పెన్నేటి గట్టు (ప్రొద్దుటూరు)

ఊళ్ల మధ్య తగవులోకి నేను దిగను, వైద్యుడిగా రెండు మాటలు చెబుతాను. మీలో రక్తపోటుకు మాత్రలు వేసుకునేవారు, గుండె జబ్బున్నవారు, గర్భిణులు ఎవరైనా ఉంటే ముందుగా తమ వైద్యుణ్ని అడిగి తీరాలి. ఆరోగ్యవంతులైనా పది నిమిషాలకు మించి ఒకేసారి కూర్చోకూడదు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, దిగ్గున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, తడి రాళ్ల మీద అది ప్రమాదం. గట్టు పట్టుకొని మెల్లగా లేవండి, ముందూ వెనుకా నీళ్లు తాగండి, భోజనం చేసిన వెంటనే దిగకండి. దేవుని కడప గారు చెప్పిన ఆమ్లపు నీరు కళ్లలో పడితే మండుతుంది, తామర ఉన్నవారికి, అప్పుడే వాక్సింగు చేయించుకున్న చర్మానికీ అంతే. బయటికి వచ్చేటప్పుడు మామూలు నీళ్లు పోసుకుంటే సరిపోతుంది.

జవాబు: చిత్రావతి (అనంతపురం)

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నలుగురం ఫోనులో మాట్లాడుకొని కుసాత్సుకే ఓటు వేశాం. నేను మొదటి రోజు పాదాలతో మొదలుపెట్టి, రెండో రోజు సంగతి అక్కడే తేల్చుకుంటాను. ఒకే సందేహం మిగిలింది. మాలో ఇద్దరికి వెండి మెట్టెలు, ఒకామెకు వెండి పట్టీలు ఉన్నాయి. మెట్టెలు తీయడానికి వారి ఇళ్లల్లో ఒప్పుకోరు. వాటితో దిగవచ్చా?

జవాబు: దేవుని కడప (కడప)

దిగితే నల్లబడతాయి. గంధకం తగిలిన వెండి మీద నల్లని పొర ఏర్పడుతుంది, కుసాత్సు నీళ్లలో ఇంకా తొందరగా. పట్టీలు, వెండి ఉంగరాలు టోక్యోలోనే విప్పి పెట్టెలో భద్రం చేసుకోమనండి. మేలిమి బంగారానికి ఏమీ కాదు గాని, మనం వేసుకునే గొలుసుల్లో రాగి, వెండి కలుస్తాయి కనుక అవీ వద్దు. మెట్టెల విషయంలో మా అత్తగారు వచ్చినప్పుడు చేసిన పని చెబుతాను: ఆవిడ మెట్టెలు తీసి, ఆ కాసేపు వేళ్లకు పసుపు దారం చుట్టుకున్నారు. తీయనే తీయమంటే, నల్లబడ్డ వాటిని ఊరికి వచ్చాక కంసాలికిస్తే మెరుగు పెట్టి ఇస్తాడు. గది మాత్రం ఈ వారమే తీసుకోండి, నవంబరు శనివారాలకు నలుగురు పట్టే గదులు తొందరగా అయిపోతాయి. మీ నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి, మనిషికి ఇంతని స్నానపు పన్ను విడిగా అడిగితే ఆశ్చర్యపోకండి.